అవిసె నూనె, కలోంజీ నూనె, తేట షర్బత్తు: ఫుడ్‌గ్రేడ్ మైక్రోఎమల్షన్ ప్రాజెక్టు డైరీ

గింజ నూనెల్ని తాగే నీళ్లలో తేటగా కలపాలని చూసేవాళ్ల కోసం ఈ డైరీ రాస్తున్నాను. ఇందులో ఎక్కువ భాగం మబ్బు కట్టిన సీసాల గురించే. తేటగా నిలబడిన కొలతలు దశ 6లో ఉన్నాయి, తొందర ఉన్నవాళ్లు నేరుగా అక్కడికి వెళ్లొచ్చు. కానీ దశ 3 చదవకుండా గ్లిజరిన్ మాత్రం కొనకండి.

## దశ 0: ముందు హద్దు గీసుకోవడం

నూనె, నీళ్లు, రెంటినీ కలిపి ఉంచే సర్ఫాక్టెంట్. ఈ మూడూ సరైన పాళ్లలో పడితే మైక్రోఎమల్షన్ దానంతటదే ఏర్పడుతుంది. చుక్కల సైజు సుమారు 10 నుంచి 100 నానోమీటర్లు ఉంటుంది. కాంతిని చెదరగొట్టలేనంత చిన్నవి కాబట్టి ద్రవం తేటగా కనిపిస్తుంది. నూనెని బలవంతంగా చిన్న చుక్కలుగా కొట్టే హై ప్రెషర్ హోమోజినైజర్ అక్కర్లేదు, చేత్తో తిప్పితే చాలు. కొట్టి కొట్టి చేసిన నానోఎమల్షన్ ఎప్పటికైనా విడిపోతుంది. ఉష్ణోగ్రత, పాళ్లు మారనంత కాలం మైక్రోఎమల్షన్ విడిపోదు. మా ఇంట్లో హోమోజినైజర్ లేదు, అందుకే ఈ దారి పట్టాను.

సర్ఫాక్టెంట్‌గా ట్వీన్ 80 తీసుకున్నాను. పాలీసార్బేట్ 80 అన్నా ఇదే, ప్యాకెట్ల మీద ఐఎన్‌ఎస్ 433 అనే సంకలితం నంబరుతో ఉంటుంది. దీని హెచ్‌ఎల్‌బీ 15, అంటే నీళ్లవైపు బాగా మొగ్గేది. విద్యుదావేశం లేదు కాబట్టి నిమ్మరసం పులుపుకి చెక్కు చెదరదు.

అయితే దీనికి రోజువారీ హద్దు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐరాస ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ)ల సంయుక్త నిపుణుల కమిటీ 1973లో పాలీసార్బేట్లన్నిటికీ కలిపి కిలో శరీర బరువుకి రోజుకి 25 మిల్లీగ్రాములు అని పెట్టింది. 60 కిలోల మనిషికి అది 1,500 మిల్లీగ్రాములు, 15 కిలోల పిల్లాడికి 375. ఐస్‌క్రీమ్, కేకుల్లాంటి వాటిలోనూ ఇది ఉండొచ్చు కాబట్టి మొత్తం హద్దు నా ఒక్క గ్లాసుకే ఖర్చుపెట్టడం న్యాయం కాదు. 2015లో చిట్టెలుకల మీద వచ్చిన ఒక అధ్యయనంలో పాలీసార్బేట్ 80 పేగు లోపలి జిగురు పొరనీ, అక్కడి సూక్ష్మజీవులనీ దెబ్బతీసి వాపు తెచ్చింది. ఎలుకల ఫలితం మనుషులకి నేరుగా వర్తించదు, కానీ హద్దు అంచుదాకా పోకుండా ఉండటానికి నాకు ఆ కారణం చాలు.

ఇక నూనె లెక్క. అవిసె నూనెలో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, అంటే మొక్కల నుంచి వచ్చే ఒమేగా 3. అమెరికా వాళ్ల ప్రమాణం ప్రకారం రోజుకి ఆడవాళ్లకి 1.1 గ్రాములు, మగవాళ్లకి 1.6 గ్రాములు కావాలి. నూనె లెక్కలో 2 నుంచి 3 గ్రాములు. నేను అందులో సగంతో సరిపెట్టుకుని గ్లాసుకి 1 గ్రాము పెట్టుకున్నాను. పెద్దవాళ్ల హద్దు మొత్తం వాడుకున్నా 1 గ్రాము నూనెకి ట్వీన్ 1.5 గ్రాములు దాటకూడదు. అంటే నూనె, ట్వీన్ 4:6 పాళ్లలో కలిపిన ముద్ద ఎన్ని నీళ్లు పోసినా తేటగా ఉండాలి. ఈ 4:6 గీతే నా లక్ష్యం. మిగతా దశలన్నిటినీ దీనితోనే కొలిచాను.

## దశ 1: సామాను

1. 0.001 గ్రాము చూపించే చిన్న తూకం. బంగారప్పనివాళ్లు వాడే రకం. దీని విషయంలో రాజీ పడకండి.
2. 10 మిల్లీలీటర్ల గాజు సీసాలు, మరమూతలవి.
3. అక్వేరియం హీటరు వేసిన స్టీలు గిన్నె, థర్మామీటరు. ఎక్కువ ప్రయోగాలు 30 డిగ్రీల దగ్గర చేశాను. హైదరాబాద్ ఎండల్లో 25 దగ్గర నిలబెట్టాలంటే ఏసీ కావాలి.
4. ఎర్ర లేజర్ పాయింటరు. చుక్కలు పెద్దవైతే ద్రవంలో దాని గీత లావుగా కనిపిస్తుంది.
5. పాడైన కాలిక్యులేటర్ డిస్‌ప్లే మీద నుంచి ఒలిచిన పోలరాయిడ్ రేకులు రెండు.
6. మాగ్నెటిక్ స్టిర్రర్. లేకపోయినా నడుస్తుంది.

సిరంజి గురించి ఒక మాట. చుక్కలు వేయడానికి ఇన్సులిన్ సిరంజి బాగుంటుందని చాలామంది చెప్తారు. మన మందుల షాపుల్లో అవి రెండు రకాలుగా దొరుకుతాయి. ఎర్ర మూతది మిల్లీలీటరుకి 40 యూనిట్లు, నారింజ మూతది 100 యూనిట్లు. రెండూ కలిసిపోతే లెక్క రెండున్నర రెట్లు తప్పుతుంది. పైగా సిరంజి లోపల జారుడు కోసం సిలికోన్ నూనె పూస్తారు. నూనె ఎంత పట్టిందో కొలిచే ప్రయోగంలో ఇంకో నూనె దూరడం ఎందుకు? గాజు డ్రాపర్‌తో వేసి, ప్రతిసారీ సీసాని తూకం మీద పెట్టి రాసుకున్నాను. ట్వీన్ తేనెలా చిక్కగా ఉండి గోడలకి అంటుకుంటుంది. దాన్ని మిల్లీలీటర్లలో కొలిచిన అంకెల్ని నమ్మలేం.

## దశ 2: నీటి టైట్రేషన్

పద్ధతి చిన్నదే, ఓపికే ఎక్కువ కావాలి.

1. నూనె, ట్వీన్ కలిపి 2 గ్రాములు ఉండేలా 9:1 నుంచి 1:9 దాకా తొమ్మిది పాళ్లలో సీసాలు సిద్ధం చేయాలి.
2. 30 డిగ్రీల నీళ్లలో ఉంచి, బుడగలు పోయేదాకా ఆగాలి.
3. డిస్టిల్డ్ వాటర్ చుక్కలుగా వేస్తూ, ప్రతి 0.1 గ్రాముకి కలిపి చూడాలి.
4. తేట, నీలి ఛాయ, మబ్బు, పాల తెలుపు, గడ్డ. ఈ అయిదు మాటల్లో ఒకటి రాసుకోవాలి.
5. గడ్డ కట్టినవాటిని అడ్డంగా తిప్పిన రెండు పోలరాయిడ్ రేకుల మధ్య పెట్టి చూడాలి.

వరస మొత్తం ఇంకోసారి చేశాను, మొదటి అంకెలతో సరిపోయింది.

9:1 నుంచి 5:5 దాకా చెప్పుకోవడానికేమీ లేదు. కొద్ది నీళ్లకే తెల్లబడ్డాయి. నా లక్ష్యం 4:6 కూడా అంతే, 12 శాతం నీళ్ల దగ్గర మబ్బు, 30 దగ్గర పాలు. 3:7 రాత్రంతా ఉంచితే పైన మీగడలా నూనె తేలింది. 2:8లో నీలి ఛాయ వచ్చింది. దాని గుండా లేజర్ వేస్తే ఎర్ర గీత లావుగా కనిపించింది. 1:9 ఒక్కటే ఆఖరిదాకా నిలిచింది. అదీ మధ్యలో, 50 నుంచి 60 శాతం నీళ్ల మధ్య, సీసా తలకిందులు చేసినా కదలని గడ్డ అయింది. పోలరాయిడ్ల మధ్య ఆ గడ్డ మెరిసింది. అంటే ద్రవ స్ఫటికం, ట్వీన్ అణువులు వరసలు కట్టాయి. 70 శాతం దాటాక మళ్లీ పలచబడి తేటగా మారింది.

ఆ గడ్డ చాలామందిని కంగారుపెడుతుంది. అక్కడ ఆపేసి పారబోయకండి. నీళ్లని ముద్దలో పోయడం బదులు, ముద్దనే ఎక్కువ నీళ్లలో సన్నగా వదిలితే ఆ ప్రాంతం కొన్ని క్షణాల్లో దాటిపోతుంది. నిజమైన మైక్రోఎమల్షన్‌కి ఏది ముందు, ఏది వెనక అన్న తేడా ఉండదు, చివరికి ఒకటే స్థితికి వస్తుంది. 1:9ని రెండు విధాలా చేశాను, రెండూ తేట. 2:8లో మాత్రం నీళ్లలో ముద్ద వేస్తే నీలి ఛాయ, ముద్దలో నీళ్లు పోస్తే మబ్బు. అది మైక్రోఎమల్షన్ కాదని అక్కడే తేలింది.

ఇంకో విధంగా సరిచూశాను. 10 శాతం ట్వీన్ నీళ్లు 100 గ్రాములు తీసుకుని, దాని మీద 3 గ్రాముల అవిసె నూనె పోసి, 40 డిగ్రీల దగ్గర నెమ్మదిగా తిప్పి, తర్వాత రోజుల తరబడి కదపకుండా ఉంచాను. విన్సర్ అనే శాస్త్రవేత్త 1948లో చెప్పిన మొదటి రకం స్థితి ఇది. కింద నూనె నింపుకున్న మైసెల్స్ (తోకలు లోపలికి, తలలు నీళ్లవైపు పెట్టి ట్వీన్ అణువులు కట్టే అతిచిన్న ఉండలు) ఉన్న తేట నీళ్లు, పైన మిగులు నూనె. పై నూనెని తీసి తూచితే, కింద పొరలోకి పోయింది సుమారు 1.1 గ్రాము. 10 గ్రాముల ట్వీన్‌కి 1.1 గ్రాము. టైట్రేషన్‌లో వచ్చిన 1:9తో సరిపోయింది.

కారణం అణువు సైజులో ఉంది. అవిసె నూనె ట్రైగ్లిసరైడు: 18 కార్బన్ల గొలుసులు మూడు, అణుభారం 875 ప్రాంతం. నారింజ తొక్క నూనెలోని లిమోనిన్ అణుభారం 136. చిన్న అణువు ట్వీన్ తోకల మధ్య సందుల్లోకి దూరిపోతుంది. ట్రైగ్లిసరైడుకి మైసెల్ నడిబొడ్డున విడిగా చోటు కావాలి. ట్వీన్ తల పెద్దది కావడం వల్ల అది కట్టే మైసెల్ చిన్నగా, బాగా వంపు తిరిగి ఉంటుంది. అందులో ఆ చోటు ఉండదు.

ఇప్పటిదాకా మొత్తం: అవిసె నూనె 21 గ్రాములు, ట్వీన్ 28 గ్రాములు.
హద్దు లెక్క: 1 గ్రాము నూనెకి 9 గ్రాముల ట్వీన్. కావాల్సింది 1.5.

## దశ 3: గ్లిజరిన్ చూపించిన తేట

నీళ్లలో గ్లిజరిన్ కలిపితే తేట ప్రాంతం పెరుగుతుందని చాలా చోట్ల రాస్తారు. 85 శాతం గ్లిజరిన్, 15 శాతం నీళ్లు కలిపి 4:6 ముద్ద మీద పోశాను. అద్దంలా తేట! లేజర్ గీత కూడా సన్నగా, కనీకనపడకుండా ఉంది. వారం ఉంచినా మారలేదు.

అందులోంచి 1 గ్రాము తీసి 100 గ్రాముల నీళ్లలో వేస్తే చిక్కటి పాలు.

ఇక్కడ జరిగింది కంటి మోసం. నీటి వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందన్న కొలత, 1.333. గ్లిజరిన్‌ది 1.473, అవిసె నూనెది 1.48 ప్రాంతం. చుక్కకీ, దాని చుట్టూ ఉన్న ద్రవానికీ గుణకాలు దాదాపు ఒకటే అయితే చుక్క ఎంత పెద్దదైనా కాంతి చెదరదు. నూనె చుక్కలు పెద్దవిగానే ఉన్నాయి, మనకి కనిపించడం మానేశాయి, అంతే. చిక్కటి గ్లిజరిన్‌లో కదల్లేక పైకి తేలడమూ మానేశాయి. అందుకే వారమైనా మీగడ కట్టలేదు.

కాబట్టి గ్లిజరిన్ గానీ చక్కెర పాకం గానీ ఉన్న సీసా తేటగా ఉందని సంబరపడే ముందు ఈ పని చేయాలి:

1. 1 గ్రాము తీసి 100 గ్రాముల మామూలు నీళ్లలో వేయండి.
2. పది నిమిషాలు ఆగండి.
3. నల్ల కాగితం ముందు పెట్టి లేజర్ వేయండి.
4. అప్పటికీ తేటగా ఉంటేనే ఆ సీసా మీద పేరు రాయండి.

ఆ గడ్డ ప్రాంతాన్ని కరిగించడానికి గ్లిజరిన్ నిజంగానే పనికొచ్చింది. 1:9 ముద్దలో సగం నీళ్ల బదులు గ్లిజరిన్ పోస్తే గడ్డ కట్టకుండా చివరిదాకా జారుగా ఉంది. కానీ నూనె పట్టే శక్తి పెరగలేదు.

గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ ఏవి కొన్నా ఫుడ్‌గ్రేడ్ లేదా ఫార్మకోపియా గ్రేడ్ సీల్డ్ సీసా, బ్యాచ్ సర్టిఫికెట్‌తో కొనండి. డ్రమ్ముల్లోంచి వంచి ఇచ్చేది వద్దు. 2022లో గాంబియాలో పిల్లల ప్రాణాలు పోయిన ఘటనలో దగ్గు సిరప్‌లలో దొరికినవి డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్. చూడటానికీ రుచికీ గ్లిజరిన్‌కీ వాటికీ తేడా తెలియదు.

ఇప్పటిదాకా మొత్తం: అవిసె నూనె 25 గ్రాములు, ట్వీన్ 42 గ్రాములు, గ్లిజరిన్ 60 గ్రాములు.

## దశ 4: ఆల్కహాల్

చిన్న ఆల్కహాల్ అణువులు ట్వీన్ పొరని మెత్తబరుస్తాయి, వంపు తగ్గుతుంది, లోపల చోటు పెరుగుతుంది. సిద్ధాంతం ఇదే. తాగడానికి పనికొచ్చే ఇథనాల్ ఎక్సైజ్ అనుమతి లేకుండా దొరకదు. అందుకని ఈ దశ తెలిసిన లెక్చరర్ మేడమ్ గారి కాలేజీ ల్యాబ్‌లో, వాళ్ల దగ్గరున్న దానితో చేశాను. రుచి చూడలేదు.

ముద్దలో పదో వంతు ఇథనాల్ కలిపితే 2:8 తేటబడింది, 3:7 నీలి ఛాయకి వచ్చింది. నీళ్లు 40 శాతం దాకా ఈ లాభం నిలిచింది. ఆ తర్వాత మబ్బు మెల్లగా తిరిగొచ్చింది. గ్లాసెడు నీళ్లలో వేసేసరికి ఇథనాల్ లేనట్టే అయింది. ఇథనాల్‌కి నీళ్లంటేనే ఇష్టం ఎక్కువ. నీళ్లు పెరిగేకొద్దీ పొరని వదిలేసి వాటిలోకి పోతుంది. గాఢ ద్రవంగానే అమ్మి, గాఢంగానే వాడే చోట ఇది పనికొస్తుంది. నాది పలచబరిచి తాగే పానీయం. పక్కన పెట్టేశాను.

ఇప్పటిదాకా మొత్తం: అవిసె నూనె 28 గ్రాములు, ట్వీన్ 66 గ్రాములు.
హద్దు లెక్క: పలచబరిచాక ఇంకా 9 గ్రాముల దగ్గరే.

## దశ 5: పాతబడటం

ఈపాటికే 4:6 మీద ఆశ పోయింది. అయినా 1:9 ముద్దని నిల్వ పెట్టి చూడాలనుకున్నాను. ఎందుకంటే తర్వాత ఏ నూనె వాడినా ఈ ప్రశ్న వస్తుంది. చుక్క చిన్నదయ్యేకొద్దీ నూనె ఉపరితలం విపరీతంగా పెరుగుతుంది, ప్రాణవాయువుకి అన్ని దారులు తెరిచినట్టే. అవిసె నూనె అసలే తొందరగా కంపు కొట్టేది, దాని లినోలెనిక్ ఆమ్లంలో మూడు డబుల్ బాండ్లు ఉన్నాయి.

విడి నూనెకి పెరాక్సైడ్ విలువ (గాలికి నూనె ఎంత పాడైందో చెప్పే కొలత) మామూలు పద్ధతిలోనే తీశాను. 5 గ్రాముల నూనె, ఎసిటిక్ ఆమ్లం, ఐసోఆక్టేన్, పొటాషియం అయొడైడ్, 0.01 నార్మల్ థయోసల్ఫేట్. ఖర్చయింది 1.1 మిల్లీలీటరు, అంటే కిలోకి 2.2 మిల్లీ ఈక్వివలెంట్లు. గానుగ నూనెలకి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన గరిష్ఠం 15. నూనె తాజాదే.

ముద్దతో అదే చేయబోతే, అయొడిన్ తగిలితే రావాల్సిన స్టార్చ్ నీలం రాలేదు. లేత గోధుమ రంగు వచ్చి, థయోసల్ఫేట్ వేసేకొద్దీ పోయి, కాసేపటికి మళ్లీ వచ్చింది. ట్వీన్‌లోని పాలీఆక్సీఇథిలీన్ గొలుసులు అయొడిన్‌ని పట్టి ఉంచుతాయి, స్టార్చ్‌కి వదలవు. గాయాలకి రాసే అయొడోఫోర్ మందులు కొన్ని పనిచేసేది ఈ గుణం మీదే. అలాంటి టైట్రేషన్ నుంచి వచ్చే ఏ అంకెనీ రాసుకోకండి. సీసాలు మేడమ్ గారికి ఇస్తే ఫెర్రిక్ థయోసయనేట్ పద్ధతిలో, స్పెక్ట్రోఫోటోమీటర్ మీద చూసి పెట్టారు.

40 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచిన 1:9 ముద్ద, కిలోకి మిల్లీ ఈక్వివలెంట్లలో:

- మొదలు: 5
- తెల్ల సీసా, సగం నింపింది: 38
- ముదురు గోధుమ రంగు సీసా, నిండా నింపింది: 14
- అదే సీసా, టోకోఫెరాల్ (విటమిన్ ఇ) 500 పీపీఎం కలిపింది: 11

మొదటి అంకె చూశారా? నూనె 2.2 అయితే, నూనె పదో వంతు మాత్రమే ఉన్న ముద్ద 5 ఎలా అయింది? మిగతాదంతా ట్వీన్ తెచ్చింది. దాని గొలుసులు గాలికి వాటంతటవే పెరాక్సైడ్లు కడతాయి. నా సీసా ఎండాకాలమంతా అటక మీద, మూత తీసి పెట్టి, తీసి పెట్టి ఉన్నది. కొత్తగా తెరిచిన సీసాతో చేసిన ముద్ద 1.6 దగ్గర మొదలైంది. నూనె తాజాదనం కోసం గానుగ దగ్గర నిలబడి పట్టించుకొచ్చి, పాత ట్వీన్‌లో కలిపితే ఆ శ్రమంతా దండగ. టోకోఫెరాల్ కంటే నిండుగా నింపిన ముదురు రంగు సీసా ఎక్కువ పని చేసిందన్నది నాకు నచ్చిన ఫలితం, ఎందుకంటే దానికి ఖర్చు లేదు.

ఇప్పటిదాకా మొత్తం: అవిసె నూనె 43 గ్రాములు, ట్వీన్ 121 గ్రాములు.

## దశ 6: నూనె మార్చడం

1:9 దగ్గర 1 గ్రాము అవిసె నూనె ఇవ్వాలంటే 9 గ్రాముల ట్వీన్, హద్దుకి ఆరు రెట్లు. మందులా చుక్కల్లో తీసుకునే నూనెకి ఈ పద్ధతి సరిపోతుంది, పోషణ కోసం గ్రాముల్లో తీసుకునే నూనెకి సరిపోదు. ఏ సర్ఫాక్టెంట్ అమ్మేవాళ్ల బ్రోషర్‌లోనూ ఈ వాక్యం నాకు కనిపించలేదు.

అందుకని కలోంజీ (నల్ల జీలకర్ర) గింజల నూనె తీసుకున్నాను. ఘాటైన నూనె, వాసనకీ రుచికీ గ్లాసుకి 50 మిల్లీగ్రాములు చాలు. మా పాతబస్తీ దుకాణాల్లో చిన్న సీసాల్లో దొరుకుతుంది.

దీనిలోనూ ఎక్కువ భాగం లినోలెయిక్ ఆమ్లపు ట్రైగ్లిసరైడ్లే, కాబట్టి 1:9 దగ్గరే ఆగుతుందనుకున్నాను. మొదటి సీసా 12:88 దాకా తేటగా పోయింది, వేరే దుకాణంలో కొన్నది 10:90 దగ్గరే ఆగింది. ఆమ్ల విలువ (విడిపోయిన కొవ్వు ఆమ్లాలు ఎంతున్నాయో చెప్పే కొలత) తీస్తే మొదటిది 17, రెండోది 6. కలోంజీ గింజలో లైపేజ్ ఎంజైము చురుగ్గా ఉంటుంది, నూనె తీసే లోపలే కొంత కొవ్వుని విడగొట్టేస్తుంది. విడిపోయిన కొవ్వు ఆమ్లాలకి ఒక వైపు నీటి మొగ్గు ఉంటుంది, కాబట్టి అవి సర్ఫాక్టెంట్‌కి తోడు నిలుస్తాయి. ఈ లెక్కన కాస్త చెడిన నూనే బాగా కరుగుతుంది! దాన్ని గొప్పగా చూపించుకోలేను. రుచి కూడా గొంతులో గీరుకుంది. రెండో సీసాతోనే ముందుకి వెళ్లాను.

తర్వాత నారింజ తొక్క నూనె కలిపాను. లిమోనిన్ తోకల మధ్య దూరి పొరని వదులు చేస్తుంది. ఇథనాల్‌లా నీళ్లలోకి పారిపోదు, అది నూనె జాతిదే. కలోంజీ మూడు వంతులు, నారింజ ఒక వంతు. ఈ జోడీతో పలచబరిచాక కూడా తేటగా నిలిచిన చివరి పాళ్లు:

కలోంజీ 15, నారింజ 5, ట్వీన్ 80.

17:5:78 దగ్గర నీలి ఛాయ వచ్చింది. 15కి ముందు ఆపకండి, దాటకండి.

తయారీ, 30 గ్రాములకి:

1. కలోంజీ నూనె 4.5 గ్రాములు, ఫుడ్‌గ్రేడ్ నారింజ నూనె 1.5 గ్రాములు సీసాలో తూచి కలపండి. ఆమ్ల విలువ చూసే వీలుంటే చూడండి.
2. కొత్తగా తెరిచిన ట్వీన్ 80ని 24 గ్రాములు పోయండి. సీసాని 40 డిగ్రీల నీళ్లలో పెడితే పలచబడి తేలిగ్గా కలుస్తుంది.
3. బుడగలు రాకుండా నెమ్మదిగా, తేటబడేదాకా తిప్పండి. లేత పసుపు రంగు వస్తుంది.
4. ముదురు రంగు సీసాలో నిండా నింపి ఫ్రిజ్‌లో పెట్టండి. చలికి చిక్కబడి మబ్బుగా కనిపించొచ్చు, గది వేడికి రాగానే తేటబడుతుంది.
5. గ్లాసుకి 333 మిల్లీగ్రాములు. ఇది నీళ్లలోకే పోవాలి, తిప్పుతూ వదలాలి. ముద్ద మీద నీళ్లు పోస్తే గడ్డ కట్టి అడుగున కూర్చుంటుంది.

30 గ్రాములు 90 గ్లాసులకి వస్తుంది. గ్లాసుకి ట్వీన్ 267 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ల హద్దులో ఆరో వంతు కంటే కాస్త ఎక్కువ. 15 కిలోల పిల్లాడి హద్దులో అయితే 70 శాతం పైనే, కాబట్టి మా ఇంట్లో పిల్లలకి ఇది పోయడం లేదు.

కాలేజీలో చుక్కల సైజు కొలిచే డీఎల్‌ఎస్ యంత్రం మీద పలచబరిచిన నమూనా పెట్టించాను. సగటు సైజు 17 నానోమీటర్లు. పోల్చడానికి ఇచ్చిన 2:8 అవిసె సీసా 70 చూపించింది, నెల తర్వాత అదే సీసా 110. నీలి ఛాయ సీసాలు ఎందుకు వద్దంటున్నానో ఈ పెరుగుదలే చెబుతుంది.

ఇప్పటిదాకా మొత్తం: అవిసె నూనె 43 గ్రాములు, కలోంజీ 18, నారింజ 6, ట్వీన్ 217. పావు లీటరు ట్వీన్ సీసా అడుగుకి వచ్చింది.

## దశ 7: షర్బత్తులో

నీళ్లలో నిలిచింది షర్బత్తులో నిలవాలని లేదు. 200 మిల్లీలీటర్ల నీళ్లకి చక్కెర 20 గ్రాములు, వడకట్టిన నిమ్మరసం, చిటికెడు ఉప్పు. పీహెచ్ 2.8.

చల్లగా కలిపితే ఏమీ కాలేదు. సీసాలో పోసి 85 డిగ్రీలకి వేడి చేస్తే మబ్బు పట్టింది. ట్వీన్ తల నీటిని పట్టి ఉంచేది హైడ్రోజన్ బంధాలతో. వేడికి అవి వదులవుతాయి, ఉప్పూ చక్కెరా ఆ పనిని ఇంకా కింది ఉష్ణోగ్రతలోనే చేయిస్తాయి. చల్లార్చాక మబ్బు పూర్తిగా విడిపోయింది, లేజర్ గీత ముందున్నంత సన్నగానే ఉంది. అదే వేడి 2:8 అవిసె సీసాకి ఇస్తే చల్లారినా తెలుపు పోలేదు. మీ దగ్గర డీఎల్‌ఎస్ లేకపోతే ఈ వేడి చేసి చల్లార్చే పరీక్ష చాలావరకు దాని పని చేస్తుంది.

రుచి. మొదటి గ్లాసు అమ్మకి ఇచ్చాను. ఒక గుక్క తాగి, "సబ్బు గిన్నె సరిగ్గా కడగలేదేంట్రా?" అంది. ట్వీన్‌కి సన్నటి చేదు ఉంది, గుక్క మింగిన తర్వాత నాలుక వెనక తెలుస్తుంది. చక్కెర పెంచితే పోలేదు. ఉప్పుని 0.3 గ్రాములకి పెంచి, అల్లం రసం పావు చెంచా వేసి వడకడితే మరుగున పడింది. అల్లం రసాన్ని కాసేపు కదపకుండా పెట్టి పైన తేట తీసుకోకపోతే దాని పిండి మబ్బు వేస్తుంది, అప్పుడు మనం చేసిన తేట ఎవరికీ కనపడదు.

అమ్మాలనుకునేవాళ్లు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2011 నాటి ఆహార ప్రమాణాలు, సంకలితాల నిబంధనల పట్టికలు, వాటికి తర్వాత వచ్చిన సవరణలు చూసుకోండి. ఏ రకం పానీయంలో ఏ సంకలితం ఎంత అన్నది అక్కడ రకాన్ని బట్టి ఉంటుంది. పైన నేను వాడిన కిలోకి 25 మిల్లీగ్రాముల లెక్క తాగేవాళ్ల హద్దు మాత్రమే.

## పక్క దశ: అవిసె నూనె మజ్జిగలో

మిగిలిన అవిసె నూనెని ఏం చేయాలి? మజ్జిగ ఎలాగూ తెల్లగానే ఉంటుంది, దాన్ని తేటగా చేయాల్సిన అవసరమే లేదు. పాలలోని కేసిన్ నూనె చుక్కల్ని బాగానే పట్టి ఉంచుతుంది. ట్వీన్ సున్నా.

1. చిక్కటి పెరుగు 60 గ్రాములు మిక్సీ చిన్న జారులో వేయండి.
2. 2 గ్రాముల నూనె వేసి అర నిమిషం తిప్పండి.
3. తర్వాతే చల్లటి నీళ్లు, ఉప్పు, అల్లం, కరివేపాకు, ఇంగువ.

నూనెని పలచటి మజ్జిగలో వేసి తిప్పితే అయిదు నిమిషాల్లో పైన పసుపు కళ్లు తేలాయి. చిక్కటి పెరుగులో ముందు తిప్పితే అరగంట దాకా తేలలేదు. అంతసేపు ఎవరూ మజ్జిగ ముందు పెట్టుకుని కూర్చోరు కదా. అవిసె నూనె వాసనని ఇంగువ తప్ప ఇంకేదీ కప్పలేదు. నిల్వ ఉంచొద్దు, చేసిన వెంటనే తాగేయాలి.

## ఇప్పుడు నడుస్తున్నవి

కలోంజీ 15:5:80 ముద్ద రెండు ముదురు సీసాల్లో 40 డిగ్రీల దగ్గర ఉంది, ఒకటి టోకోఫెరాల్‌తో, ఒకటి లేకుండా. లిమోనిన్ కూడా గాలికి పాడవుతుంది కాబట్టి పెరాక్సైడ్‌తో పాటు వాసన కూడా రాసుకుంటున్నాను.

ట్వీన్ చేదు తప్పించడానికి సుక్రోజ్ ఎస్టర్లు (చక్కెర, కొవ్వు ఆమ్లాలతో చేసే సర్ఫాక్టెంట్లు) చూస్తున్నాను, ఐఎన్‌ఎస్ 473. సరఫరాదారులు 25 కిలోల బస్తాకి తక్కువ ఇవ్వమంటున్నారు, ఒకాయన మాత్రం శాంపిల్ పంపుతానన్నారు. అవి పులుపులో నిలవడం కష్టం. అందుకని నూనె కలపకముందే ఎస్టర్ ఒక్కదాన్నే పీహెచ్ 2.8 నీళ్లలో వేసి వారం పెడతాను. అక్కడే మడ్డి దిగితే ఈ షర్బత్తుకి అది పనికిరాదు, పీహెచ్ 4.5 దాటిన పానీయం ఏదైనా వెతుక్కోవాలి.